నలభైకి సున్నా

ఆ రోజుకి సర్వేయరు గారు వేసుకున్న పథకం చాలా సులువైనది. ఏడింటికి లేవడం, తొమ్మిదింటికి ఇస్త్రీ చొక్కా తొడుక్కోవడం, పదిన్నరకి పరీక్షాధికారి రావడం, పన్నెండింటికల్లా పాసైపోవడం. ఆ తర్వాత భోంచేసి ఓ కునుకు తీయడం కూడా పథకంలో ఉంది. ఆయనకి అనుమానమల్లా ఆ కునుకు గురించే. సంతోషం పట్టలేక నిద్ర పడుతుందో పట్టదో!

ఆయన భవనాల సర్వేయరు. ఎవరైనా ఇల్లు కట్టినా, కట్టిన ఇంటికి బీటలొచ్చినా వెళ్లి, గోడలు తట్టి, మెట్లు కొలిచి, ఇందులో మనుషులు ఉండొచ్చో ఉండకూడదో తేల్చి సంతకం పెట్టడం ఆయన పని. ఊళ్లో సగం భవనాలు ముప్ఫై ఒక్క ఏళ్లుగా తన సంతకం మీదే నిలబడి ఉన్నాయని ఆయన గట్టి నమ్మకం. అందులో సిమెంటు చేసిన సాయం కూడా కొంత ఉందని ఇంజనీర్లు అంటారు గానీ ఆయన ఆ మాటలు చెవిన వేసుకోరు.

ఇంతలో కొత్త చట్టం వచ్చి పడింది. ఇకమీదట దేశం మొత్తానికీ ఒకటే రిజిస్టరు. అందులో పేరున్నవాళ్లే సర్వేయర్లు. పేరు లేనివాళ్లు ఎంత గట్టిగా గోడ తట్టినా అది వట్టి చప్పుడే. డిగ్రీ ఉన్నవాళ్లకి చిక్కు లేదు. డిగ్రీ లేని పాతకాపులు మాత్రం, అంతకుముందు తాము ఎన్నడూ తనిఖీ చెయ్యని ఒక భవనాన్ని పరీక్షాధికారి కళ్లెదుట తనిఖీ చేసి పాసవ్వాలి. దానికి ఇవాళే ఆఖరి రోజు. తప్పారా, రెండేళ్లు కాలేజీకి పోయి పిల్లల పక్కన బెంచీ మీద కూర్చోవాల్సిందే. అన్నాళ్లూ రిజిస్టరైన సర్వేయరు కింద అసిస్టెంటుగా ఫైళ్లు మొయ్యాల్సిందే. ఆయన ఆఫీసులో రిజిస్టరైన సర్వేయరు ప్రస్తుతానికి ఒక్కరే ఉన్నారు. ఆ ఒక్కరూ ఆయన కూతురు.

"నువ్వేం బెంగపడకు నాన్నా. తప్పినా ఏం కాదు. నేను మంచి బాస్‌నే," అని ముందురోజు కూతురు ఎంతో ప్రేమగా ధైర్యం చెప్పింది. అప్పట్నుంచీ ఆయనకి అన్నం సహించలేదు.

పరీక్షకి ఏ భవనం చూపించాలన్న దాని మీద కూడా తండ్రీకూతుళ్లకి వాదన జరిగింది. ఊళ్లో ఆయన తట్టని గోడంటూ లేదు, ఒక్క భవనంలో తప్ప. అది ఆయన పంతొమ్మిదేళ్లుగా అద్దెకుంటున్న భవనం. నాలుగంతస్తులు, అంతస్తుకి రెండు ఫ్లాట్లు. వీళ్లుండేది రెండో అంతస్తులో.

"మనముండే బిల్డింగ్ వద్దు నాన్నా. అలవాటైన చోట మన కళ్లు మనకే పనిచెయ్యవు. మాకు మొదటి సెమిస్టర్లోనే చెప్పారు."

"కళ్లు పనిచెయ్యడం కూడా కాలేజీలోనే నేర్పుతున్నారటే? నాకిక్కడ ప్రతి బీటా పేరు పెట్టి పిలిచేంత పరిచయం!"

అలా ఆ భవనమే ఖాయమైంది.

పొద్దున్న ఆయన టార్చీ, చిన్న సుత్తి, రసమట్టం సంచీలో సర్దుకుంటుంటే భార్య వంటింట్లోంచి అడిగింది. "ఏమండీ, ఓనరు గారితో ఓ మాట చెప్పారా?"

"చెప్పకూడదే! చెప్తే తెల్లారేసరికి బీటలన్నీ పూసి పారేస్తాడు. బీటలు లేకపోతే నేనేం చూపించను?"

"ఆయనా ఇవాళ హడావిడిగానే ఉన్నాడు. మూడో అంతస్తు ఫ్లాట్ అమ్మకానికి పెట్టాడు కదా, అది చూడ్డానికి ఎవరో పదిన్నరకి..."

వాక్యం పూర్తయ్యేసరికి ఆయన మెట్లు దిగి వెళ్లిపోయారు. పెళ్లయిన నాటి నుంచీ ఆయన భార్య చెప్పే మాటలు మొదటి సగమే వింటారు. అలా వినడం వల్ల ఎంతో సమయం ఆదా అవుతుందని ఆయన స్నేహితులకి చెబుతుంటారు కూడా.

బోర్డు అధికారి కాబట్టి కారులోనే వస్తాడు, కారులో వచ్చేవాడు వెనక గేటునుంచే వస్తాడు అని లెక్కవేసుకుని ఆయన వెనక పెరట్లో కాపు కాశారు. లెక్క తప్పలేదు. పదీ ఇరవై అయ్యేసరికి కారు వచ్చింది. అందులోంచి ఒక సన్నటి మనిషి దిగాడు. చంకలో నోటుబుక్కు, జేబులో రెండు పెన్నులు, ముఖంలో నవ్వన్నది లేదు. సర్వేయరు గారు చొక్కా సర్దుకుని ఎదురెళ్లారు.

"బిల్డింగ్ చూడ్డానికే కదండీ?"

ఆ మనిషి తల ఊపాడు.

"మీరు మాట్లాడకూడదని నాకు తెలుసు సార్! నోరు విప్పనే అక్కర్లేదు. నేను చెప్తుంటాను, మీరు రాసుకోండి."

నిజంగానే పరీక్షాధికారి మాట్లాడకూడదు. తల ఊపడం దాకా పరవాలేదు గానీ, తనిఖీ జరుగుతున్నంతసేపూ పెదవి విప్పకూడదని బోర్డు రూలు. సిఫార్సులకి తావివ్వకూడదని ఫారం మీద అభ్యర్థి పేరు కూడా ఉండదు. ఒక నంబరు, ఒక చిరునామా, అంతే. పేరడగడం మార్కులన్నీ వేశాకే.

సర్వేయరు గారి మాటకి ఆ సన్నటి మనిషి మాత్రం అదిరిపడ్డాడు. ఎందుకంటే తను మాట్లాడకూడదన్న సంగతి తనకీ, తన భార్యకీ తప్ప మూడో మనిషికి తెలియదు. ఈయన వచ్చింది మూడో అంతస్తు ఫ్లాట్ కొనడానికి. అప్పటికి పద్నాలుగు ఇళ్లు చూశాడు. చూసిన ప్రతిచోటా గుమ్మంలోనే "అబ్బ, ఎంత బాగుందో!" అనేసేవాడు. దాంతో అమ్మేవాళ్లు బిగుసుకుని కూర్చునేవాళ్లు. "ఈసారి మీరు నోరు తెరిచారంటే నేనిక ఇల్లే చూడను. చూసింది చూసినట్టు రాసుకుని రండి, మాట్లాడేది నేను మాట్లాడతాను," అని భార్య ఆ పొద్దున్నే ఒట్టు పెట్టించుకుంది. ఆ సంగతి ఈ ఇంటివాళ్లకెలా తెలిసిందో అంతుపట్టక, ఆయన పెన్ను మూత తీశాడు.

సరిగ్గా అప్పుడే ముందు గేటు దగ్గర భవనం ఓనరు, ఫ్లాట్ కొనేవాళ్ల కోసం మెడ సాచి వీధివైపు చూస్తున్నాడు. అసలు పరీక్షాధికారి బస్సు దిగి, నడిచి, ముఖం తుడుచుకుంటూ ఫైలుతో ఆ గేటు ముందుకే వచ్చి నిలబడ్డాడు.

"రండి రండి! మీకోసమే చూస్తున్నా. బిల్డింగంతా నేనే దగ్గరుండి చూపిస్తా," అన్నాడు ఓనరు.

పరీక్షాధికారి తల ఊపి, గడియారం చూసి, ఫారం మీద ప్రారంభ సమయం వేసుకున్నాడు.

ఇక మొదలైంది చూడండి, ఒకే భవనంలో రెండు తనిఖీలు!

వెనకవైపు సర్వేయరు గారు జీవితంలో ఎన్నడూ చెయ్యనంత గొప్పగా తనిఖీ చేస్తున్నారు. సుత్తితో తడుతున్నారు, చెవి ఆనించి వింటున్నారు, మోకాళ్ల మీద కూర్చుంటున్నారు, చటుక్కున లేస్తున్నారు. "ఈ పైపు చూశారా సార్, లోపల తుప్పు. ఈ గోడ తట్టండి, బోలుగా మోగుతోందా? లోపలికి తడి దిగింది!" అంటూ ఒక్కొక్క లోపాన్నీ సొంత బిడ్డని పరిచయం చేసినట్టు పరిచయం చేస్తున్నారు. పక్కన పెన్ను పరుగులు తీస్తోంది. పద్నాలుగు ఇళ్లలోనూ ఎవరూ చెప్పని సంగతులు వినేసరికి కొనడానికొచ్చిన మనిషికి చెయ్యి ఆగడం లేదు. ఆ చెయ్యి ఆగకపోవడం చూసి సర్వేయరు గారి నోరు ఆగడం లేదు.

ముందువైపు ఓనరు పరీక్షాధికారిని మూడో అంతస్తుకి తీసుకెళ్లాడు. గోడ మీద పెచ్చులూడిన చోట క్యాలెండరు వేలాడుతోంది. పరీక్షాధికారి దాన్ని ఎత్తి చూశాడు.

"అది తడి కాదండీ, వేసవిలో చల్లగా ఉంటుందని," అన్నాడు ఓనరు.

పరీక్షాధికారి బీటవారిన కిటికీ పైభాగం వైపు చూశాడు.

"అదా? బిల్డింగ్ కుదురుకుంటోంది. ఇరవై ఏళ్లుగా కుదురుకుంటూనే ఉంది. ఇంత బలంగా కుదురుకునే బిల్డింగ్ ఇంకోటి చూపించండి చూద్దాం!"

పరీక్షాధికారి రూలు ప్రకారం ముఖంలో ఏ భావమూ చూపించలేదు. లోపల మాత్రం ఆయన పీకలదాకా కోపంతో ఉన్నాడు. పదహారు నెలలుగా ఎంతోమంది అభ్యర్థులని చూశాడు. లోపాలు కనిపెట్టలేనివాళ్లని చూశాడు, సగం కనిపెట్టినవాళ్లని చూశాడు. లోపాలని వెనకేసుకొచ్చే సర్వేయరుని మాత్రం అదే చూడడం.

"ఇంకోటి చూడండి. తలుపూ కిటికీలూ వేశామంటే బయట పిడుగు పడ్డా వినిపించదు," అంటూ ఓనరు అన్నీ మూసేశాడు. ఆ పొద్దున్న ఆయన చెప్పిన నిజం అదొక్కటే. దాని వల్లే మిగతా రామాయణమంతా వాళ్లిద్దరి చెవినా పడలేదు.

ఆ వేళకి సర్వేయరు గారు డాబా మీదికి చేరారు. అక్కడ పిట్టగోడకి సన్నటి బీట ఒకటుంది. వెంట్రుకంత, అదీ పైపూతలో. దాని వల్ల ఎవరికీ ఏమీ కాదని ఆయనకీ తెలుసు. కానీ నోటుబుక్కులో కొత్త పేజీ తిరిగింది. తెల్లటి పేజీ చూసేసరికి ఆయనకి పూనకం వచ్చింది.

"దీనికి భూకంపం అక్కర్లేదు సార్. పక్కన నిలబడి ఎవరైనా గట్టిగా ఒక్క తుమ్ము తుమ్మితే చాలు. అంతా కిందే!"

ఆరేసిన దుప్పట్ల వెనక నాలుగో అంతస్తు మామ్మగారున్నారు. ఆవిడకి మూడు రోజులుగా జలుబు. ఆ మాట చెవిన పడేసరికి సరిగ్గా ఒక తుమ్ము సగం దారిలో ఉంది. ఆవిడ రెండు వేళ్లతో ముక్కు గట్టిగా బిగించి, అలాగే మెట్ల దగ్గరికి పరుగెత్తి, కిందికి చూసి కేక పెట్టింది.

"ఎవరూ తుమ్మకండర్రా! బిల్డింగ్ పడిపోతుందిట! సర్వేయరే చెప్పాడు!"

ముక్కు మూసుకుని అరిస్తే ఆ గొంతు ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. మూడో అంతస్తువాళ్లకి ఆ గొంతు వినే సగం ప్రాణం పోయింది. రెండో అంతస్తుకి చేరేసరికి వార్త పెరిగింది. మొదటి అంతస్తుకి, వెనక భాగం ఇప్పటికే పడిపోయిందన్న కబురు అందింది. ఉన్నపళంగా జనం కదిలారు. ఒకరు టీవీ ఎత్తుకున్నారు, ఒకరు పరుపు చుట్టుకున్నారు, ఒకాయన ఏం తియ్యాలో తోచక గోడ గడియారం పట్టుకుని పరుగెత్తాడు. మొదటి అంతస్తు అన్నదమ్ములు బీరువాని నమ్ముకున్నారు. అది కాస్తా మెట్ల మలుపులో అడ్డంగా ఇరుక్కుంది. పైనున్నవాళ్లు పైనే ఆగిపోయారు.

డాబా మీద సర్వేయరు గారికి గోల వినిపించింది. సంగతి తెలిసింది గానీ, పరీక్షాధికారి ఎదుట కంగారు కనపడకూడదు కదా!

"చూశారా సార్, జనం భయపడితే ఏం చెయ్యాలి? ఇదిగో ఇలా ప్రశాంతంగా వెనక మెట్ల దారి పట్టించాలి. ఎమర్జెన్సీ మెట్లున్నది అందుకే. అందరూ నా వెనకే రండి!"

ఇనప మెట్ల మీద ఆయన ముందు, వెనక నోటుబుక్కు మనిషి, ఆ వెనక పై అంతస్తుల వాళ్లు పదీ పన్నెండుమంది, వాళ్ల మధ్య ముక్కు పట్టుకున్న మామ్మగారు. గబగబా దిగుతున్నారు. నాలుగు దాటారు, మూడు దాటారు. రెండో అంతస్తు చప్టా దగ్గర ఆయన కాళ్లకి సడన్‌గా బ్రేకు పడింది. దారి లేదు. దారికి బదులు మనిషెత్తు ఫైళ్ల గుట్టలున్నాయి. తాళ్లతో కట్టలు కట్టి, వాన తగలకుండా ప్లాస్టిక్ పట్టా కప్పి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి.

సర్వేయరు గారికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎమర్జెన్సీ మెట్లకి అడ్డంగా ఈ చెత్తంతా పెట్టిన దౌర్భాగ్యుడెవడు? వీణ్ని జైల్లో పెట్టాలి! రాసుకోండి సార్, రాసుకోండి!"

వెనకనుంచి ముక్కుగొంతు ఒకటి మెల్లగా వినిపించింది.

"అవి నీవే నాయనా."

ఆయన పట్టా ఎత్తి చూశారు. ముప్ఫై ఒక్క ఏళ్ల తనిఖీ కాగితాల నకళ్లు. ప్రతి కట్ట మీదా తన చేతిరాతే. రోజూ వంటింటి వెనక తలుపు తీసి, వాటిని చూసి, ఎంత పని చేశానో కదా అని మురిసిపోయి, తలుపు వేసుకునేవారు. ఒక్కనాడూ అవి మెట్ల మీద ఉన్నాయని ఆయనకి తోచలేదు. నోటుబుక్కు మనిషి మాత్రం ఆ సంగతి శ్రద్ధగా రాసుకున్నాడు.

కట్టలు పక్కకి జరపడానికి చోటు లేదు. చివరికి ఒక్కొక్కరూ వాటి మీదనుంచే ఎక్కి దిగారు. మామ్మగారి వంతు వచ్చేసరికి ఆవిడ ఒక చెయ్యి ముక్కుమీదనుంచి తియ్యనంది. రెండో చెయ్యి సర్వేయరు గారి చేతిలో పెట్టింది. కాలు జారి ఓ కట్ట ఒరిగితే ఆవిడ "అమ్మో" అని ఆయన మెడ పట్టుకుంది. ఆయనకి ఒక్క క్షణం ఊపిరాడలేదు. ఇదే నిజంగా మంటలొచ్చిన రోజైతే? ఆ ఆలోచన రాగానే ఆయనకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అంతటి సిగ్గు ఆయన జన్మలో ఎరగరు.

పావుగంట తర్వాత మొత్తం భవనం వీధిలో నిలబడి ఉంది. పరుపులు, టీవీలు, ఎట్టకేలకి బయటపడ్డ బీరువా, గడియారం. భర్త ముఖం చూసి సర్వేయరు గారి భార్య కొంగుతో ఆయన చొక్కా మీది దుమ్ము దులిపింది. అప్పుడే మూడో అంతస్తు నుంచి దిగొచ్చిన ఓనరు ఈ జాతర చూసి నోరు వెళ్లబెట్టాడు.

"ఏమైందిరా నాయనా! ఎవడు చెప్పాడు మిమ్మల్ని దిగమని?"

నలభై వేళ్లు సర్వేయరు గారి వైపు తిరిగాయి.

"మీరా! పంతొమ్మిదేళ్లు నా నీడలో ఉండి, సరిగ్గా ఫ్లాట్ కొనేవాళ్లు వచ్చిన రోజే..." అంటూ ఓనరు ఆయన మీదికి వస్తుండగా ఆఫీసు జీపు వచ్చి ఆగింది. కూతురు దిగింది. గుంపుని చూసింది, తండ్రిని చూసింది, ఓనరు పక్కనున్న ఫైలు మనిషిని చూసి చేతులు జోడించింది. కిందటేడు ఆమె రిజిస్ట్రేషన్ కాగితాలు చూసిందీ ఆయనే.

"నమస్కారం సార్! మా నాన్నగారి పరీక్ష అయిపోయిందా?"

పరీక్షలోని రెండు విభాగాల మధ్య ఐదు నిమిషాలు పరీక్షాధికారి మాట్లాడొచ్చని రూలుంది. ఆయన ఆ ఐదు నిమిషాల కోసమే గంటనుంచీ ఉగ్గబట్టుకుని ఉన్నాడు. ఓనరు వైపు చెయ్యి చూపించాడు.

"అమ్మాయీ, నువ్వేమీ అనుకోకు. మీ నాన్నగారికి ఈ వృత్తి తగదు."

"ఆయన మా ఓనరు గారు సార్. మా నాన్న అదిగో!"

పరీక్షాధికారి సర్వేయరు గారి వైపు చూశాడు. సర్వేయరు గారు నోటుబుక్కు మనిషి వైపు చూశారు. నోటుబుక్కు మనిషి ఓనరు వైపు చూశాడు. ఓనరుకి చూడ్డానికి ఎవరూ మిగల్లేదు.

"అయితే వీరెవరు?" అన్నారు సర్వేయరు గారు నీరసంగా.

నోటుబుక్కు మనిషి ఒట్టు గుర్తొచ్చి, పైన మూడో అంతస్తు వైపు వేలు చూపించి ఊరుకున్నాడు. ఆ మూగసైగతో ఓనరుకి విషయమంతా అర్థమైంది. ఆయన అక్కడే ఎవరిదో పరుపు మీద కూలబడిపోయాడు.

"లోపాలు కనిపెట్టడం, నలభై మార్కులు. వచ్చింది సున్నా. పక్కన నా సంతకం పడిపోయింది," అన్నాడు పరీక్షాధికారి ఫారం తిప్పి చూపిస్తూ.

"కొట్టేసి మళ్లీ వెయ్యొచ్చుగా సార్?"

"కొట్టివేతలు చెల్లవని కింద అచ్చేసి ఉందమ్మా. ఇంకో ఫారం ఉండదు. దేశం మొత్తం మీద నంబరుకి ఒక్కటే."

సర్వేయరు గారు నోరు తెరవకుండానే నలభై మార్కులు పోగొట్టుకున్నారు. నోరు తెరిచి భవనం మొత్తాన్నీ వీధిన పడేశారు. కూతురు కళ్లలో నీళ్లు తిరిగాయి. బాస్‌నవుతానని సరదాగా అన్న మాట నిజమయ్యేలా ఉంటే ఆమెకి ఏమాత్రం సరదాగా లేదు.

పరీక్షాధికారి గడియారం చూసుకున్నాడు. "రెండో విభాగం, నివాసితులతో వ్యవహరించడం, ఆర్డరు జారీ చెయ్యడం. అరవై మార్కులు. పాసవ్వడానికి మొత్తం యాభై కావాలి. జనం ఉన్నారు, భవనం ఉంది. కూతురు వచ్చి అభ్యర్థి ఎవరో చెప్పేసింది కాబట్టి నేను మరింత బిగించి వెయ్యాల్సొస్తుంది. మొదలుపెట్టండి." ఆ మాటతో ఆయన పెదవులు మళ్లీ మూతపడ్డాయి.

అరవైకి యాభై! సర్వేయరు గారు వేళ్ల మీద లెక్కేసుకున్నారు. చుట్టూ జనం. అందరి ముఖాల్లోనూ ఒకటే ప్రశ్న. ఆయన గొంతు సవరించుకున్నారు.

"అందరూ వినండి. పిట్టగోడ పడదు. ఆ బీట పైపూతలోది, వెంట్రుకంత. బిల్డింగ్‌కి వచ్చిన ప్రమాదం ఏమీ లేదు. పైపులు మార్చాలి, తడి సంగతి చూడాలి, అంతే. మిగతాదంతా... నేను గొప్పకి పోయి చెప్పాను. తప్పు నాది."

ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆయన నోట ఆ ఆఖరి మాట ఎవరూ వినలేదు. ఆయన భార్య పక్కింటావిడ చెయ్యి గిల్లి, తను విన్నది నిజమేనా అని అడిగింది.

"అయితే తుమ్మొచ్చా నాయనా?" అంది మామ్మగారు.

"తుమ్మండి మామ్మగారూ."

ఆవిడ వేళ్లు తీసింది. ముప్పావుగంటగా బందీగా ఉన్న తుమ్ము అది. వీధి చివర కుక్కలు లేచి నిలబడ్డాయి. జనమంతా తలెత్తి భవనం వైపు చూశారు. కిటికీ రెక్క ఒకటి టపామని కొట్టుకుంది. భవనం నిలబడే ఉంది. ఎవరో చప్పట్లు కొట్టారు.

"హమ్మయ్య! పదండి పదండి లోపలికి," అన్నాడు ఓనరు లేచి.

"ఆగండి! ఆర్డరు రాసేదాకా ఎవరూ పైకి వెళ్లకూడదు," అన్నారు సర్వేయరు గారు. "వెనక మెట్లకి దారి లేదు. నిజంగా ప్రమాదమొస్తే పై రెండంతస్తుల వాళ్లూ చిక్కుకుపోతారు. ఇవాళ చిక్కుకున్నారు కూడా. దానికి ఆర్డరు రాయాలి."

ఓనరు ఆయన్ని పక్కకి లాక్కెళ్లి చెవిలో గుసగుసలాడాడు. "ఆర్డరెందుకండీ? అది దేశం రిజిస్టర్లోకెక్కితే నా బిల్డింగ్ పరువేం కాను? మీ పరువేం కాను? మీ పేరు కింద మొట్టమొదటి ఆర్డరే మీ మీదా? మీరో పక్క, నేనో పక్క పట్టుకుంటే పది నిమిషాల్లో ఆ కట్టలు మీ హాల్లో ఉంటాయి. ఎవడికి తెలుస్తుంది?"

మాట సబబుగానే ఉంది. పోలీసుకైనా సబబుగానే తోచేది. సర్వేయరు గారు పరీక్షాధికారి వైపు చూశారు. అక్కడ గోడకి ఉన్నంత భావం కూడా లేదు. కూతురి వైపు చూశారు. కూతురు పెదవి కొరుక్కుంటోంది. ఇంకోవైపు పరుపుల మీద మామ్మగారు ముక్కు తుడుచుకుంటోంది. ఆవిడ చీర కుచ్చెళ్లకి ఆ కట్టల దుమ్ము ఇంకా అంటుకునే ఉంది.

ఆయన సంచీలోంచి ఆర్డరు పుస్తకం తీశారు. వీధిలోనే, బీరువా మీద పెట్టుకుని రాశారు. ఆర్డరు ఎవరికి అన్నచోట తన పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. తప్పు ఏమిటి అన్నచోట, ఎమర్జెన్సీ మెట్లకి పంతొమ్మిదేళ్లుగా అడ్డంకి కల్పించడం. ఏం చెయ్యాలి అన్నచోట, అక్కడున్న వస్తువులన్నీ సాయంత్రం ఐదింటిలోగా భవనంలోంచి తొలగించాలి. ఒక్క అక్షరం కూడా ఒంకర పోలేదు. కింద సంతకం పెట్టి, ఒక నకలు చింపి, తనకి తనే ఇచ్చుకున్నారు. అందినట్టు మళ్లీ సంతకం పెట్టారు.

పరీక్షాధికారి చాలాసేపు రాశాడు. ఎంతసేపు రాశాడంటే, గడియారం పట్టుకున్నాయన రెండుసార్లు టైము చెప్పాడు. ఆ తర్వాత ఫారం మడిచి, మొదటిసారి నవ్వాడు.

"అరవైకి యాభై రెండు. ఎనిమిది మార్కులు తుమ్ము కింద కోసేశాను."

కూతురు కేక పెట్టి తండ్రిని వాటేసుకుంది. జనం మళ్లీ చప్పట్లు కొట్టారు. ఎందుకో సగం మందికి తెలియదు, అయినా కొట్టారు. సర్వేయరు గారి కాళ్లు భూమ్మీద ఆనడం లేదు. ఆయన రిజిస్టరైన సర్వేయరు! దేశం మొత్తానికీ!

ఈ గోలలో నోటుబుక్కు మనిషి ఫోన్లో భార్యకి పేజీ తర్వాత పేజీ చదివి వినిపించాడు. ఆవిడ సరేనన్న మాట విని, ఫోను పెట్టేసి, ఓనరు దగ్గరికి వచ్చి, ఆ రోజు మొట్టమొదటిసారి అక్కడివాళ్లతో నోరు విప్పాడు.

"మేం కొంటామండీ."

"ఏంటీ?" అన్నాడు ఓనరు. "ఇదంతా విన్నాక కూడానా?"

"విన్నాం కాబట్టే! పద్నాలుగు ఇళ్లు చూశాం. అన్నిచోట్లా ఏ లోపమూ లేదన్నారు. ఏం దాస్తున్నారో తెలియక ఇన్నాళ్లూ నిద్ర లేదు. ఈ ఇంటి గురించి మాకు తెలియంది ఇంకేమీ లేదు. అబ్బ, ఎంత బాగుందో!"

పంతొమ్మిదేళ్ల అద్దె బంధాన్ని ఆ పూటే తెంచేద్దామనుకున్న ఓనరు సర్వేయరు గారిని కావలించుకుని వదల్లేదు.

అందరూ ఇళ్లలోకి సర్దుకునేసరికి మధ్యాహ్నం మూడైంది. కునుకు తీద్దామని సర్వేయరు గారు పడుకున్నారో లేదో, వెనకవైపు దబదబా చప్పుళ్లు. వెళ్లి చూస్తే పాతకాగితాల బండి పెరట్లో ఆగి ఉంది. భార్య చప్టా మీద నిలబడి, కట్ట తర్వాత కట్ట కిందికి అందిస్తోంది. అంత హుషారు ఆయన ఆవిడలో ఎన్నో ఏళ్లుగా చూడలేదు.

"ఆగవే! అవి నా జీవితమే! కనీసం మొదటి ఏడాది కట్టయినా ఉంచు. ఒక్కటి! మంచం కింద పెట్టుకుంటా!"

ఆవిడ నడుముకి దోపుకున్న కాగితం తీసి, విప్పి, గట్టిగా చదివింది. "'అక్కడున్న వస్తువులన్నీ, సాయంత్రం ఐదింటిలోగా, భవనంలోంచి.' అన్నీ అని ఉంది. మంచం భవనంలోనే కదా ఉంది? ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ తియ్యమంటున్నాను. నా మాట వినలేదు. మీ మాటైనా వినండి."

ఆయన కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూస్తే, వెనకవైపు చిన్న అక్షరాల్లో ఒక దారి కనిపించింది. ఈ ఆర్డరు మీద అభ్యంతరమున్నవారు, దాన్ని జారీ చేసిన సర్వేయరుకే రాతపూర్వకంగా అప్పీలు చేసుకోవచ్చునట. ప్రాణం లేచొచ్చింది. బండివాణ్ణి కాసేపు ఆగమని బతిమాలి, లోపలికి పరుగెత్తి, బల్ల ముందు కూర్చున్నారు.

నాలుగింటికి ఆయన కన్నీళ్లు పెట్టించే అప్పీలు ఒకటి రాసి తనకే సమర్పించుకున్నారు. నాలుగున్నరకి, అన్ని విధాలా ఆలోచించిన మీదట, తిరస్కరించారు.